మూగదెబ్బకు కాలేయం చిట్లితే: కొయ్యకుండా కాచుకునే పద్ధతి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఆసుపత్రుల్లో రాత్రిపూట క్యాజువాలిటీ చూసే డాక్టర్ల కోసం, స్టాఫ్ నర్సుల కోసం రాసిన కాగితం ఇది. ఘాట్ రోడ్డులో బోల్తాపడ్డ ఆటోలోంచి తీసుకొచ్చినవాళ్లు, జీలుగు చెట్టు మీంచి జారిపడ్డ గీతగాడు, సైకిలు హ్యాండిలు పొట్టలో దిగబడ్డ కుర్రాడు. వీళ్ల ఒంటి మీద ఒక్కోసారి చిన్న కమిలిన మచ్చ తప్ప ఏమీ కనపడదు. లోపల కాలేయం చిట్లి ఉంటుంది. అందుకే మనవాళ్లు దాన్ని మూగదెబ్బ అంటారు.

ఒకప్పుడు పొట్టలో రక్తం ఉందని తెలిస్తే చాలు, కోసి చూసేవారు. అలా కోసిన చాలామందిలో సర్జను చెయ్యి పెట్టేలోపే రక్తం దానంతటదే ఆగిపోయి ఉండేది. గడ్డను కదిపినందుకే మళ్లీ కారేది. సీటీ స్కాను వచ్చాక, 1980ల నుంచి పద్ధతి మెల్లగా మారింది. ఇప్పుడు మూగదెబ్బతో కాలేయం చిట్లిన పదిమందిలో ఎనిమిదిమందికి పైగా కత్తి పడకుండానే బయటపడుతున్నారు.

ఎందుకు ఆగుతుందో తెలిస్తే ఎప్పుడు ఆగదో కూడా తెలుస్తుంది. కాలేయానికి వచ్చే రక్తంలో ముప్పావు వంతు పోర్టల్ సిర తెచ్చేదే. అందులో ఒత్తిడి 5 నుంచి 10 మిల్లీమీటర్లు (పాదరసం), అంతే. అంత మెల్లగా కారే రక్తం గడ్డకడుతుంది, చుట్టూ ఉన్న కండా పైపొరా దాన్ని అదిమి పడతాయి. ధమని కొమ్మ తెగితే మాత్రం గుండె కొట్టే ఒత్తిడంతా అక్కడే చిమ్ముతుంది, గడ్డ నిలవదు. కాలేయం వెనక పెద్ద సిరలు చిరిగితే అదింకా ఘోరం. కాబట్టి మన పని చీలిక ఎంత పొడవుందో చూసి కంగారుపడటం కాదు, ధమని కారుతోందా లేదా అన్నది కనిపెడుతూ ఉండటం.

మొదటి అరగంట

గాలిదారి, ఊపిరి, రక్తప్రసరణ అన్న వరుస ఇక్కడా మారదు. రెండు చేతులకీ ఒక్కొక్క లావు క్యాన్యులా పెట్టండి. బూడిదరంగుది (16) దొరికితే అది, లేకపోతే ఆకుపచ్చది (18). గులాబీది సరిపోదు. కాళ్లకు పెట్టొద్దు. కాలేయం వెనకున్న పెద్ద సిర చిరిగి ఉంటే కాల్లోకి ఎక్కించినదంతా పొట్టలోకే పోతుంది. క్యాన్యులా పెట్టేటప్పుడే రక్తం తీసి గ్రూపు, క్రాస్‌మ్యాచ్, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, పీటీ-ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివరు ఎంజైములకు పంపండి. సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే ఎర్రకణాల జబ్బు) పరీక్ష, మలేరియా కిట్ పరీక్ష కూడా అదే రక్తంతో అయిపోతాయి. ఈ కొండల్లో ఆ రెండూ ఎందుకు చేయాలో కింద చెప్తాం. ఆడవాళ్లకు గర్భ పరీక్ష మరచిపోవద్దు.

నాలుగు యూనిట్లకు క్రాస్‌మ్యాచ్ అడగండి. బ్యాంకులో లేకపోతే అప్పుడే బంధువులను కూడగట్టాలి. తెల్లవారుజామున మూడింటికి నెగటివ్ గ్రూపు మనిషిని వెతకడం కంటే రాత్రి తొమ్మిదింటికి వెతకడం తేలిక.

సెలైన్ దగ్గర చెయ్యి బిగబట్టాలి. పై బీపీ 90 కిందుంటే గోరువెచ్చని రింగర్ లాక్టేట్ 500 మి.లీ. వేగంగా ఇచ్చి చూడండి, అవసరమైతే ఇంకో 500. లీటరు పోయాక కూడా నిలబడకపోతే తర్వాత కావలసింది రక్తమే, మూడో సీసా కాదు. సీసాల మీద సీసాలు ఎక్కిస్తే గడ్డకట్టే పదార్థాలు పలచబడతాయి, ఒళ్లు చల్లబడుతుంది, కట్టిన గడ్డ కొట్టుకుపోతుంది. తలకు దెబ్బ లేని పెద్దవాళ్లలో రక్తం అందేదాకా పై బీపీ 80-90 దగ్గరున్నా ఓర్చుకోవచ్చు. తలకు దెబ్బ ఉంటే అలా కుదరదు, 110 దాకా నిలపాలి.

కట్టిన గడ్డ కరగకుండా కాపాడే ట్రానెక్సామిక్ ఆమ్లం దెబ్బ తగిలిన 3 గంటల్లోపు ఇవ్వాలి. 1 గ్రాము 100 మి.లీ. సెలైన్‌లో కలిపి 10 నిమిషాల్లో, ఆ తర్వాత మరో గ్రాము 8 గంటలపాటు డ్రిప్‌లో. తొలి గంటలో ఇస్తే ఎక్కువ మేలు. 3 గంటలు దాటాక మొదలుపెడితే కీడే జరగొచ్చు. కాబట్టి మనిషి వచ్చిన టైము కాదు, దెబ్బ తగిలిన టైము అడిగి రాయాలి. కాశీపూర్ వైపు కొండ మీంచి డోలీలో దించి, ఆటో ఎక్కించి తెచ్చినవాళ్లకు ఆ మూడు గంటలూ దారిలోనే అయిపోయి ఉండొచ్చు.

కంబళి కప్పండి. కొరాపుట్ చలికాలం రాత్రి ట్రాలీ మీద తడిబట్టలతో వదిలేసిన మనిషికి రక్తం గడ్డకట్టదు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు.

పొట్ట చూడటం, స్కాను చూడటం

కుడివైపు 8 నుంచి 12 దాకా పక్కటెముకలు విరిగి ఉంటే కాలేయాన్ని అనుమానించాల్సిందే. "కుడిబుజం పీకేస్తంది బాబూ" అని మనిషి అంటుంటే, భుజానికి దెబ్బ ఆనవాలు లేకపోతే, అది పొట్టలోని రక్తం డయాఫ్రంకి (ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న కండరపు పొరకి) తగిలి పుట్టిన నొప్పి కావచ్చు. తెలుగు రానివాళ్లను ఒడియాలో "పేట బింధుచి కి?" అని అడగొచ్చు. కువి, సవర భాషలు మాత్రమే వచ్చినవాళ్ల దగ్గర వాళ్ల ఊరి మనిషినొకణ్ణి తెల్లారేదాకా ఉంచండి. నొప్పి పెరిగిందా, చోటు మారిందా అన్నది రాత్రంతా అడగాల్సిన ప్రశ్న, సైగలతో తేలేది కాదు. తాగి ఉన్నవాడి పొట్ట చెప్పే సాక్ష్యాన్ని నమ్మొద్దు, మత్తు దిగాక మళ్లీ నొక్కి చూడండి.

అల్ట్రాసౌండు ముందుగా కాలేయానికీ కుడి కిడ్నీకీ మధ్య పెట్టాలి. తల వైపు కొంచెం దించితే రక్తం అక్కడికి చేరి నల్లని గీతలా కనపడుతుంది. దాదాపు 200 మి.లీ.కు తక్కువ ఉంటే తప్పిపోవచ్చు. నీరు కనపడలేదంటే కాలేయం బాగుందని అర్థం కాదు. కాలేయంలోపలే ఉండిపోయిన గాయం ఈ స్కానుకు అందదు. అరగంట ఆగి మళ్లీ చేయండి.

బీపీ నిలకడగా ఉన్నవాళ్లకే సీటీ. నిలబడని మనిషిని సీటీ గదిలోకి తోస్తే అక్కడ గుండె ఆగినా చూసే దిక్కుండదు. రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసిన సీటీ కావాలి, మామూలుది దండగ. పెద్దవాళ్లకు సుమారు 100 మి.లీ. మందు, 18 క్యాన్యులా ద్వారా సెకనుకు 3-4 మి.లీ. వేగంతో. మొదటి ఫోటోలు 25-35 సెకన్లకు (ధమని దశ), రెండోవి 70 సెకన్లకు (పోర్టల్ దశ). తెల్లగా మెరిసే చుక్క కనపడితే 5 నిమిషాలకు ఇంకోసారి. ఆ చుక్క ఆలస్యంగా తీసిన ఫోటోలో పెరిగి పాకితే రక్తం కారుతున్నట్టు. అదే సైజులో ఉండి మసకబారితే ధమని గోడ ఉబ్బి తిత్తి కట్టినట్టు. తాగించే మందు అక్కర్లేదు. అందుకోసం గంట ఆపొద్దు.

సీటీ లేని చోట పిల్లల్లో ఎంజైములు కొంత దారి చూపిస్తాయి. ఏఎస్‌టీ 200 దాటినా, ఏఎల్‌టీ 125 దాటినా కాలేయానికి దెబ్బ ఉండొచ్చనుకుని పైకి పంపడం మంచిది.

గ్రేడు గురించి రెండు మాటలు

అమెరికా ట్రామా సర్జన్ల సంఘం పెట్టిన ఏఏఎస్‌టీ లెక్కనే అందరూ వాడతారు. దాన్ని 2018లో సవరించారు. చీలిక లోతు 1 సెంటీమీటరు లోపు ఉంటే ఒకటో గ్రేడు, 1-3 సెం.మీ. అయితే రెండు, 3 దాటితే మూడు. పైపొర కింద చేరిన రక్తం కాలేయపు ఉపరితలంలో 10 శాతం లోపైతే ఒకటి, 50 శాతం దాకా రెండు, దాటితే మూడు. ఒక లోబులో 25 నుంచి 75 శాతం నలిగిపోతే నాలుగు. 75 దాటినా, వెనక పెద్ద సిరలు తెగినా ఐదు. 2018 సవరణలో వచ్చిన ముఖ్యమైన మార్పు మెరిసే చుక్క గురించి. అది కాలేయం లోపలే ఉంటే గాయం ఎంత చిన్నదైనా మూడో గ్రేడు, పొట్టలోకి చిమ్ముతుంటే నాలుగు.

గ్రేడును బట్టి కొయ్యాలా వద్దా అని తేల్చకండి. నాలుగో గ్రేడు మనిషి బీపీ నిలకడగా ఉంటే కోత లేకుండా బయటపడొచ్చు. రెండో గ్రేడు మనిషి పొట్టలో పేగు కూడా చిరిగి ఉంటే కోయక తప్పదు. గ్రేడు చెప్పేది ఒక్కటే, ఎంత జాగ్రత్తగా ఎన్నాళ్లు కాచుకోవాలో.

ఇక్కడే ఉంచాలా, పంపాలా

సరిహద్దు జిల్లాల్లో అసలు చిక్కు ఇక్కడే. పెద్దాసుపత్రుల కోసం రాసిన సూచనల్లో పక్క గదిలో థియేటరు, కింది అంతస్తులో బ్లడ్ బ్యాంకు ఉంటాయి. మన దగ్గర మొదట వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: రాత్రి రెండింటికి మళ్లీ రక్తం కారితే ఈ కప్పు కింద ఎవరున్నారు? పొట్ట తెరవగలిగిన సర్జను, మత్తు డాక్టరు, నాలుగు యూనిట్ల రక్తం, పావుగంటకోసారి నాడి చూడగల నర్సు. ఈ నాలుగింటిలో ఒక్కటి తక్కువైనా, మనిషి ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా అని ఉంచుకోకండి. బాగున్నప్పుడే పంపాలి. రాయగడ నుంచి విశాఖ సుమారు 200 కిలోమీటర్లు, అందులో కొంత ఘాట్. బీపీ 70కి పడ్డాక ఆ దారి పట్టిస్తే దారిలోనే అయిపోతుంది.

నిలకడగా ఉన్నా ముందే పంపాల్సినవాళ్లు: మూడో గ్రేడు, ఆపైవాళ్లు, మెరిసే చుక్క ఉన్నవాళ్లు, గర్భిణులు, తలకు దెబ్బ తగిలి స్పృహ సరిగ్గా లేనివాళ్లు, ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడేవాళ్లు, సికిల్ జబ్బు ఉన్నవాళ్లు. ఒకటి, రెండు గ్రేడుల వాళ్లను సర్జనూ రక్తమూ ఉన్న జిల్లా ఆసుపత్రిలో ఉంచుకోవచ్చు.

ఎక్కడికి పంపాలన్నది దూరాన్ని బట్టి కాకుండా అక్కడేం దొరుకుతుందో దాన్ని బట్టి తేల్చండి. చుక్క కనపడ్డ మనిషికి కావలసింది తొడ ధమనిలోంచి సన్నగొట్టం పంపి, కారే కొమ్మను కాయిలుతోనో జెల్‌ఫోమ్‌తోనో మూసే నిపుణుడు. బరంపురం ఎంకేసీజీకో, కొరాపుట్ మెడికల్ కాలేజీకో, విశాఖ కేజీహెచ్‌కో ఫోన్ చేసి "ఈ రాత్రి ఎంబొలైజేషన్ చేసేవాళ్లున్నారా?" అని సూటిగా అడగండి. ఉన్నారంటే పేరూ, టైమూ రాసుకోండి. ఏ రాష్ట్రం కార్డు అవతల చెల్లుతుందో కూడా ఆ ఫోన్లోనే తేల్చండి, లేకపోతే గేటు దగ్గర గంట పోతుంది.

బండి ఎక్కించే ముందు: రెండు క్యాన్యులాలూ ప్లాస్టర్‌తో గట్టిగా, ఆక్సిజన్ సిలిండరు నిండుగా, కంబళి, మూత్రం గొట్టం, రక్తం ఐసు పెట్టెలో, తోడుగా ఒక నర్సు. కాగితం మీద దెబ్బ తగిలిన టైము, ట్రానెక్సామిక్ ఇచ్చిన టైము, ఎన్ని మి.లీ. ఏం పోయిందో, ప్రతి హిమోగ్లోబిన్ దాని టైముతో సహా. సీటీ రిపోర్టొక్కటే పంపితే అవతల మళ్లీ తీస్తారు, ఫోటోల సీడీ కూడా ఇవ్వండి.

కొయ్యకుండా ఉండటం కుదరనివి మూడే. రక్తం ఎక్కించినా బీపీ నిలవకపోవడం, పొట్ట చెక్కలా బిగుసుకుపోవడం, సీటీలో పేగో డయాఫ్రమో చిరిగినట్టు తేలడం. అలాంటప్పుడు మీ దగ్గర సర్జను ఉంటే కాలేయాన్ని కుట్టి బాగుచేయాలని పట్టుబట్టనక్కర్లేదు. చుట్టూ మాపులు (గుడ్డ మడతలు) కుక్కి, అదిమి, పైన తాత్కాలికంగా మూసి పంపితే చాలు. 48-72 గంటల్లో పెద్దాసుపత్రిలో వాటిని తీస్తారు.

కాపలా

కొయ్యడం లేదని తేలాక వార్డులో కొందరు ఊపిరి పీల్చుకుంటారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. మొదటి 2 గంటలూ 15 నిమిషాలకోసారి నాడి, బీపీ, ఊపిరి, స్పృహ చూడాలి. తర్వాతి 4 గంటలూ అరగంటకోసారి, 24 గంటల దాకా గంటకోసారి. మూత్రం గంటకు కిలోకు అర మి.లీ. రావాలి, పిల్లల్లో కిలోకు 1 మి.లీ. హిమోగ్లోబిన్ మొదటి రోజు 6 గంటలకోసారి, రెండో రోజు 12 గంటలకోసారి.

ఒక చార్టు ఇలా ఉందనుకోండి. 60 కిలోల మనిషి, రెండో గ్రేడు.

రాత్రి 8: నాడి 92, బీపీ 116/70, మూత్రం 45
10: నాడి 100, బీపీ 114/76, మూత్రం 35
12: నాడి 110, బీపీ 112/84, మూత్రం 25
2: నాడి 122, బీపీ 104/86, మూత్రం 15

అర్ధరాత్రి చూసినామె "బీపీ 112, బాగానే ఉంది" అని రాసి పక్క మంచానికి వెళ్తుంది. వరసను పై నుంచి కిందికి చదివితే కథ వేరు. నాడి ప్రతిసారీ సుమారు పది పెరిగింది. పై బీపీకీ కింది బీపీకీ మధ్య తేడా 46 నుంచి 38కి, 28కి, 18కి ముడుచుకుంది. 30 ఉండాల్సిన మూత్రం సగానికి పడింది. ఈ మనిషికి ఆరు గంటలుగా రక్తం కారుతోంది. పై బీపీ చిట్టచివర పడుతుంది. పిల్లల్లో ఇంకా మోసం, దాదాపు సగం రక్తం పోయేదాకా బీపీ నిలబెట్టి ఒక్కసారిగా పడేస్తారు. అందుకే అంకెలు వేరే వేరే పేజీల్లో కాకుండా ఒకే కాగితం మీద కింద కింద రాయించండి. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరు నర్సులూ మంచం దగ్గరే నిలబడి ఆ వరస కలిసి చదవాలి.

మొదటి హిమోగ్లోబిన్‌ను నమ్మి నిద్రపోవద్దు. రక్తం పోయేటప్పుడు కణాలూ నీరూ కలిసే పోతాయి. అంకె పడటానికి గంటలు పడుతుంది. ఇక్కడ ఇంకో తిరకాసు. కొండ ఊళ్ల ఆడవాళ్లలో చాలామందికి దెబ్బ తగలకముందే 8 ఉంటుంది. 8 చూసి బెదిరి రక్తం ఎక్కించడం తప్పే. 12 నుంచి 9.8కి వచ్చినవాణ్ణి "ఇంకా బాగానే ఉంది" అని వదిలేయడం అంతకంటే తప్పు. అంకె కాదు, జారుడు చూడాలి. 2 గ్రాములు జారితే సర్జనును లేపండి. డ్రిప్ నడుస్తున్న చేతిలోంచి పైభాగాన రక్తం తీయకండి, పలచబడ్డ అంకె వస్తుంది. రెండో చేతిలోంచి, ప్రతిసారీ అదే మిషను మీద చేయించండి.

నిలకడగా ఉన్న మనిషికి 7 కింద పడితేనే రక్తం. సికిల్ జబ్బు ఉంటే 10 దాటించొద్దు, రక్తం చిక్కబడి చిన్న నాళాలు మూసుకుంటాయి. అలాంటివాళ్లను చలి, దాహం, ఆక్సిజన్ తగ్గడం ఈ మూడింటి నుంచీ కాపాడాలి. మలేరియా పదే పదే వచ్చినవాళ్లకు ప్లీహం పెరిగి ఉంటుంది, కాలేయంతోపాటు అదీ చిట్లి ఉండొచ్చు. స్కాను ఎడమవైపు కూడా జాగ్రత్తగా పెట్టించండి.

పొట్ట చుట్టూ టేపు కట్టి కొలిచే అలవాటు చాలా వార్డుల్లో ఉంది. దానికి మేం పెద్ద విలువ ఇవ్వం. లోపల లీటరు రక్తం చేరినా నడుము కొలత ఒక్కోసారి సెంటీమీటరు కూడా పెరగదు, గాలి చేరితే ఊరికే పెరుగుతుంది. చెయ్యి నయం. ఒకే డాక్టరు 4-6 గంటలకోసారి, వెచ్చని అరచెయ్యి చదునుగా పెట్టి, నొప్పి లేని మూల నుంచి మొదలుపెట్టి నొక్కాలి. మనిషి ముఖం చూస్తూ నొక్కాలి. నిన్న కుడివైపు మాత్రమే ఉన్న నొప్పి ఇవాళ బొడ్డు కిందికి పాకిందంటే, నాడి పెరిగిందంటే పేగు చిరిగిందేమో చూడాలి. అది మొదటి సీటీలో దొరక్కపోవచ్చు, 6-24 గంటల్లో బయటపడుతుంది. పొట్ట మీద సీటుబెల్టు గీత ఉన్నవాళ్లలో ఈ భయం మరీ ఎక్కువ.

కేసుషీటు మొదటి పేజీ మీద ఎర్రసిరాతో రాసి పెట్టండి: ఎప్పుడు ఆగకూడదో. 15 నిమిషాల తేడాతో రెండుసార్లు నాడి 120 దాటితే, పై బీపీ 90 కిందికి వస్తే, హిమోగ్లోబిన్ 2 జారితే, పొట్ట బిగుసుకుంటే, కాలేయం కోసమే రెండో యూనిట్ రక్తం అవసరమైతే సర్జనుకు ఫోన్. పెద్దాసుపత్రుల్లో 24 గంటల్లో 4 యూనిట్ల దాకా చూసి అప్పుడు ధమని మూయడమో కొయ్యడమో చేస్తారు. దూరం ఉన్నచోట మేం రెండుకే గీత గీస్తాం. పిల్లల్లో కిలోకు 40 మి.లీ. దాటితే కాపలా ఓడినట్టే.

మందులు, తిండి, నడక

నొప్పికి డైక్లోఫెనాక్ సూది వద్దు. క్యాజువాలిటీలో అలవాటుగా చెయ్యి దాని మీదికే పోతుంది. అది ప్లేట్‌లెట్లను పనిచేయనివ్వదు, తుంటిలో గుచ్చితే అక్కడ కూడా రక్తం చేరుతుంది. పారాసిటమాల్ 500 మి.గ్రా. 6 గంటలకోసారి, రోజుకు 2 గ్రాములు దాటకుండా ఇవ్వొచ్చు. చాలకపోతే ట్రమడాల్ 50 మి.గ్రా. మెల్లగా నరంలోకి (తలకు దెబ్బ ఉంటే వద్దు, ఫిట్స్ రావొచ్చు), లేదా మార్ఫిన్ 2-3 మి.గ్రా. చొప్పున. నొప్పి తగ్గిస్తే పొట్ట పరీక్ష చెడిపోతుందన్నది పాత భయం. పక్కటెముకల నొప్పితో ఊపిరి తీయలేనివాడికి న్యుమోనియా వస్తుంది.

యాంటీబయాటిక్ అందరికీ అక్కర్లేదు.

మొదటి 12-24 గంటలూ నోటికి ఏమీ ఇవ్వకూడదు, థియేటరుకు వెళ్లాల్సి రావచ్చు. రెండు హిమోగ్లోబిన్లు సమానంగా వచ్చి, పొట్ట మెత్తగా ఉంటే గంజి, మజ్జిగ అన్నంతో మొదలుపెట్టండి. వారం రోజులు మంచం దిగొద్దనడం కూడా పాతకాలపు మాట. కదిలితే కాలేయం మళ్లీ చిట్లుతుందని ఎవరూ తేల్చలేదు. పడుకోబెడితే కాళ్లలో గడ్డలు కట్టడం మాత్రం ఖాయంగా పెరుగుతుంది. రక్తం ఆగి అంకెలు నిలబడ్డ మర్నాడు కూర్చోబెట్టండి, ఆ తర్వాత వరండాలో నడిపించండి. హిమోగ్లోబిన్ 24 గంటలు నిలకడగా ఉంటే 48 గంటల లోపల ఆ గడ్డలు కట్టకుండా ఎనోక్సాపారిన్ సూది 40 మి.గ్రా. రోజుకొకటి మొదలుపెట్టవచ్చు. అప్పటిదాకా పాదాలు ఆడిస్తూ ఉండమనాలి.

ఒక మాట బంధువులకు గట్టిగా చెప్పాలి. పొట్టకు నూనె పెట్టి తోమడం, వాతలు పెట్టడం, నరం సర్దడం, ఏదీ వద్దు. కోపంగా చెప్తే మీ ముందు తలూపి రాత్రి తోమేస్తారు. "అమ్మా, లోపల పుండు మీద చెక్కు కట్టింది. తోమితే ఆ చెక్కు ఊడిపోద్ది" అంటే అర్థమవుతుంది.

మూడో రోజు నుంచి చూసుకోవాల్సినవి

రక్తం ఆగితే సగం గండం గడిచినట్టే, మిగతా సగం పైత్యరసంది. చిరిగిన చోట సన్న పైత్యనాళాలు కూడా తెగి ఉంటాయి. మూడో రోజు నుంచి పది రోజుల లోపు జ్వరం, కుడిపొట్ట బరువు, వాంతులు, తిండి సహించకపోవడం, కళ్లు పచ్చబడటం కనపడితే స్కాను చేయించండి. కాలేయం పక్కన నీటి చెరువులా చేరితే అల్ట్రాసౌండు చూస్తూ సన్న గొట్టం వేస్తే పసరు దిగిపోతుంది. చాలా లీకులు అలాగే మూసుకుంటాయి. రోజులు గడిచినా పసరు తగ్గకపోతే నోట్లోంచి ఎండోస్కోపు పంపి పైత్యనాళంలో స్టెంటు వేసేచోటికి పంపాలి.

మొదటి మూడు నాలుగు రోజులు 100 దాకా జ్వరం, కొద్దిపాటి పచ్చదనం చేరిన రక్తం ఇంకేటప్పుడు కూడా రావచ్చు. కానీ ఈ ప్రాంతంలో ప్రతి జ్వరానికీ మలేరియా పరీక్ష మళ్లీ చేయాల్సిందే. చలితో వణికించే జ్వరం తగ్గకుండా వారం దాటితే చీము గడ్డను వెతకాలి.

అన్నిటికంటే దొంగదెబ్బ ధమని తిత్తిది. రెండు మూడు వారాల తర్వాత, అంతా బాగుందనుకున్నాక పగులుతుంది. రక్తం పైత్యనాళంలోకి కారితే కుడివైపు నొప్పి, కళ్లు పచ్చబడటం, నల్లటి తారులాంటి విరేచనం రావొచ్చు, మూడూ ఒకేసారి కనపడకపోవచ్చు. దీన్ని అల్సరనుకుని గ్యాసు మాత్ర రాసి పంపేయడం జరిగే పొరపాటు. నెల లోపల పొట్టకు దెబ్బ తగిలిందా అని ఒక్క ప్రశ్న అడిగితే దొరికిపోతుంది. దీనికీ మందు ఎంబొలైజేషనే. అందుకే మూడో గ్రేడు, ఆపై ఉన్నవాళ్లకు ఇంటికి పంపేముందు ఒకసారి స్కాను చేయించడం మంచిది. ఒకటి, రెండు గ్రేడుల్లో బాగా తేరుకున్నవాళ్లకు మళ్లీ సీటీ దండగ.

ఇంటికి పంపేటప్పుడు

అన్నం తింటూ, నడుస్తూ, నాడి 100 లోపు ఉండి, 24 గంటలుగా హిమోగ్లోబిన్ కదలకపోతే పంపొచ్చు. చిన్న గాయాలకు రెండు మూడు రోజులు, పెద్దవాటికి దాదాపు వారం. ఊరు కొండ మీదుండి దారిలేని చోటైతే ఇంకో రెండు రోజులు ఆపండి, లేదా రోడ్డు పక్క బంధువుల ఇంట్లో వారం ఉండమనండి.

చీటీ మీద తెలుగులోనో ఒడియాలోనో పెద్ద అక్షరాలతో రాసి, చదివి వినిపించండి. ఒకటి, రెండు గ్రేడులకు నెలన్నర దాకా, పెద్ద గాయాలకు మూడు నాలుగు నెలల దాకా చెట్టెక్కడం, కావడి మోయడం, నాగలి పట్టడం, రోకటిపోటు, ఫుట్‌బాలు, గతుకుల రోడ్డు మీద బండి నడపడం మానాలి. పిల్లలకు గ్రేడుకు రెండు కలిపి అన్ని వారాలు ఆటలు బంద్: రెండో గ్రేడైతే నాలుగు వారాలు. కల్లు, సారా ముట్టొద్దు. మెడికల్ షాపులో ఒళ్లు నొప్పుల మాత్ర అడిగి కొనుక్కోవద్దు.

కళ్లు తిరిగి పడిపోయినా, నల్ల విరేచనమైనా, కళ్లు పచ్చబడినా, జ్వరం రెండు రోజులున్నా, భుజం నొప్పి మళ్లీ మొదలైనా ఆ పూటే బయల్దేరి రమ్మనండి, సంత రోజు దాకా ఆగొద్దనండి. చీటీ మీద వార్డు ఫోన్ నంబరు, రక్తం గ్రూపు, గ్రేడు రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇవ్వండి. వానాకాలం డోలీ ప్రయాణంలో కాగితం తడిస్తే అవతల డాక్టరుకు మిగిలేది నీలి సిరా మరకే.